పొట్టి పఫర్ చేప - ఒకే తొట్టిలో కాపురం ఎందుకు కుదరదు?

 

పోయిన వారం మదనపల్లె నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, మా ఇంట్లో చేపల తొట్టి ఉంది. అందులో నత్తలు ఎక్కువైపోయినాయి. పఫర్ చేపలు వేస్తే నత్తల్ని తినేస్తాయని ఎవరో చెప్తే నాలుగు తెచ్చి వేసినాను. నత్తలు పోయినాయి. వారం తిరక్కముందే గప్పీల తోకలు కూడా పోయినాయి. ఎందుకిట్ల?" అని అడిగినాడు.

చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి జవాబు చరిత్రలో ఉంది. అందుకే ఈ రోజు దీన్నే తీసుకున్నాను.

మన పుంగనూరు, కుప్పం, మదనపల్లె పక్క చేపలంటే మొదట చెరువు, తర్వాత గుడి కోనేరు. చిన్నప్పుడు కోనేటి మెట్ల మీద కూర్చుని చేపలకు బొరుగులు వేసింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ మనం పైనుంచి చూసేవాళ్లం. పక్కనుంచి, గాజులోంచి చూడటం అనేది చాలా కొత్త అలవాటు. దాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు.

1832లో సిసిలీ దీవిలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఆమె సముద్ర జీవుల్ని గమనించడానికి గాజు తొట్లు చేయించుకుంది. ఆ తర్వాత 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగం గురించి ఒక వ్యాసం చదివినాడు. ఆయన తొట్టిలో రెండు చిన్న గోల్డ్ ఫిష్, ఒక నీటి మొక్క పెట్టినాడు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతా ఉంటే, చెరువు నత్తల్ని తెచ్చి వేసినాడు. నత్తలు కుళ్లిన ఆకుల్ని తిన్నాయి, నీళ్లు తేటబడినాయి. నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు తిండి అయినాయి. ఒకరి వల్ల ఇంకొకరు బతకడం అన్నమాట. ఇంటి అక్వేరియం ఈ పొత్తు మీదే నిలబడింది. 1853లో లండన్ జూలో జనం చూసేటట్టు చేపల శాల తెరిచినారు. మరుసటి ఏడాదే ఫిలిప్ హెన్రీ గాస్ దీని మీద పుస్తకం రాస్తే, ఇంగ్లండులో ఇంటింటికీ గాజు తొట్టి పిచ్చి పట్టింది.

మన వైపుకు ఇది మద్రాసు దారిలో వచ్చింది. 1909లో మద్రాసు మెరీనా తీరంలో చేపల శాల తెరిచినారు. దాని వెనక ఉన్నది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు కింద జమీందారీ సీమలు. మూడూ మద్రాసు రాజధానిలోవే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ చేపల శాల మూతపడింది.

సరే, ఇప్పుడు మన పఫర్ దగ్గరికి వద్దాం.

బఠాణీ పఫర్ అని అమ్మే ఈ పొట్టి చేప ఊరు కేరళ. 1941లో సుందర్‌లాల్ హోరా, కె.కె. నాయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంబా నది నుంచి వచ్చిన చేపల్ని చూసి దీన్ని కొత్త జాతిగా లోకానికి చెప్పినారు. అప్పటి తిరువాన్కూరు సంస్థానం పేరు మీద ట్రావంకోరికస్ అని పెట్టినారు. పెరిగి పెద్దదైనా మూడున్నర సెంటీమీటర్లు దాటదు. కళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. పళ్లు పైన రెండు, కింద రెండు, చిలక ముక్కు మాదిరి గట్టి పలకలుగా ఉంటాయి. నత్త గుల్లను పగలగొట్టడానికే పుట్టిన నోరు అది. ఇప్పుడు గమనించండి: వారింగ్టన్ తొట్టిని నిలబెట్టిన నత్తే దీనికి భోజనం!

ఇంకో సంగతి. గోల్డ్ ఫిష్‌ను చైనావాళ్లు సుమారు వెయ్యేళ్లుగా పెంచుతా వచ్చినారు. గప్పీలు వందేళ్లకు పైగా మనుషుల తొట్లలోనే తరాలు గడిపినాయి. మన పుంగనూరు ఆవునే తీసుకోండి. పొట్టిదని ముద్దు చేసి కొందరు ఇంట్లోకే తెచ్చుకుంటా ఉన్నారు. అది ఇంట్లో ఇమిడిపోతుంది, ఎందుకంటే ఆవు మనిషితో బతకడం మొదలుపెట్టి వేల ఏళ్లయింది. పఫర్ కూడా పొట్టిదే, ముద్దుగానే ఉంటుంది. కానీ అది ఇంకా ఏటి చేపే. అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నేరుగా ఏట్లో పట్టినవే. ఊగే తోక కనిపిస్తే కొరుకుతుంది. తన జాగాలోకి ఇంకో మగది వస్తే పోట్లాడుతుంది. అది దుర్మార్గం కాదు, దాని బతుకు.

అసలు బాధ ఇంకోటి ఉంది. ఈ చేపను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. 2005 నుంచి 2012 వరకు మన దేశం నుంచి ప్రమాదంలో ఉన్న 30 రకాల మంచినీటి చేపలు కనీసం 15 లక్షలు ఎగుమతి అయినాయని 2013లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. పడమటి కనుమల ఏర్లలో ఇట్లాంటి చేపలు చాలానే ఉన్నాయి. అంటే మన తొట్టిలో కాపురం కుదరక చచ్చిపోయే ప్రతి పఫర్, పక్క రాష్ట్రం ఏట్లో ఒకటి తగ్గినట్టే.

కాబట్టి తమ్ముడూ, నీకు నేను చెప్పేది ఇది. మొదట ఆ నాలుగింటినీ గప్పీల నుంచి వేరు చెయ్. మొక్కలు బాగా పెట్టిన విడి తొట్టిలో ఉంచు. ఒక మగది, మిగతావి ఆడవి అయితే గొడవలు తగ్గుతాయి. ఎండు మేతను చాలావరకు ముట్టవు, నత్తలు, నీటి పురుగుల లాంటివి వెయ్యాల. షాపులో పచ్చ మీద నల్ల చుక్కల పఫర్ కనిపిస్తే తొందరపడొద్దు. అది నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీళ్లలో బతికేది, పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇక విసుగొచ్చిందని ఏ చేపనూ బాహుదాలోనో, ఊరి చెరువులోనో వదలొద్దు.

నత్తలు ఎక్కువైనాయంటే మేత ఎక్కువ వేస్తా ఉన్నావని అర్థం. మేత తగ్గించు, నత్తలు వాటంతట అవే తగ్గుతాయి. వారింగ్టన్ నత్తను తెచ్చుకున్నది అవసరం ఉండే కదా!

మీ తొట్టి అనుభవాలు కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.