పాలకొల్లు మాండొలిన్‌కి ఒంటి తీగలెందుకు?

మొన్న సెలవులకి రాజమండ్రి వెళ్లినప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ కిట్ ఒకటి పట్టుకెళ్లి మేడ మీద గదిలో బిగించాను. పికప్ వైర్లకి సోల్డరింగ్ చేస్తుంటే నాన్న చూసి, "మన పాలకొల్లు శ్రీనివాస్ వాయించిందీ కరెంటు వాయిద్యమే కదరా" అన్నారు.

నిజమే! మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని దాన్ని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ.

చిక్కల్లా వాయిద్యంతోనే. మామూలు మాండొలిన్‌కి 4 జతలు, అంటే 8 తీగలు. మీటిన కాసేపటికే మోత ఆగిపోతుంది. గమకం కోసం జతని పక్కకి లాగితే రెండు తీగలూ సమంగా సాగాలి, లేదంటే అపశ్రుతే. శ్రీనివాస్ జతలు తీసేసి 5 ఒంటి తీగలు పెట్టారు. పైగా పికప్. అంటే ఒక అయస్కాంతం, చుట్టూ సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. ఆంప్లిఫైయర్ దాన్ని పెంచితే సన్నగిల్లే స్వరం కూడా వినబడుతుంది.

మన భాషలో చెప్పాలంటే స్పెక్ ముట్టుకోలేదు, హార్డ్‌వేర్ మార్చారు. పరాయి వాయిద్యమని పెదవి విరిచినవాళ్లకి అదే జవాబు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే పోయారు.

నా గిటారంటారా, ఇంకా గుయ్యిమంటోంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నట్టే బిగించాను మరి. దాంతో ఏం పలికించాలో మాత్రం అందులో రాసి లేదు.