కొల్లేటి చెరువుల్లో మెకాంగ్ జెల్ల

కాడ్, పొల్లాక్ వంటి చలిసముద్రపు చేపలను, కండ తెల్లగా ఉండి నీచువాసన తక్కువగా ఉండటం వల్ల, అంతర్జాతీయ వర్తకంలో తెల్లచేపలుగా లెక్కిస్తారు. మితిమీరిన వేటతో కాడ్ తరిగిపోయి, 1992లో కెనడా ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ తీరంలో దాని వేటను నిలిపివేసింది. ఆ తరువాతి ఏళ్లలో చౌకధరకు దొరికే ఒక మంచినీటి జెల్ల ఆ వరుసలో చేరింది. మెకాంగ్ నదికి చెందిన ఆ చేప పేరు పంగాసియస్. కొల్లేటి రైతులకు అది ఫంగస్ చేప.

థాయ్‌లాండ్ నుంచి బంగ్లాదేశ్ మీదుగా 1990ల నడుమ పశ్చిమ బెంగాల్ చేరిన ఈ చేప, అనంతరం ఆంధ్ర చెరువులకు వచ్చింది. అప్పటికే కొల్లేటి చుట్టూ ఉన్న కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో రోహు, కట్ల పెంపకం స్థిరపడి ఉంది. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి నీటిలో వేలాడదీస్తే, చేపలు గుంపులుగా చేరి ఆ చిల్లుల దగ్గరే మేసేవి. ఫంగస్ సాగుతో నీటిపై తేలే గుళికల మేత పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది, చేప ఎంత తిన్నదీ రైతు గట్టుమీది నుంచే చూసుకునే వీలు కలిగింది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి మింగి, కడుపులోని గాలితిత్తి సాయంతో శ్వాసించగలదు కనుక, రోహు తట్టుకోలేనంత ఒత్తుగా వేసినా ఇది బతుకుతుంది, ఏడాది తిరిగేసరికి కిలో దాటుతుంది. ఈ లాభం చూసి సాగు వెల్లువలా పెరిగింది, సరుకు గిరాకీని మించి ధర పడిపోవడంతో చాలామంది మళ్ళీ రోహు, కట్లలకే మళ్ళారు.

ఇదే చేపను వియత్నాం ప్రపంచమంతటా అమ్మింది. 2003లో అమెరికా దాని మీద అదనపు సుంకం వేసినా, ఐరోపా తదితర విపణుల బలంతో 2008 నాటికి ఎగుమతి విలువ ఏటా 100 కోట్ల డాలర్లు దాటింది. వియత్నాంకూ మనకూ తేడా రైతు నేర్పులో కాక నీటిలో ఉందనడమే న్యాయం. మెకాంగ్ డెల్టాలోని లోతైన చెరువులకు ఆటుపోటుల ఊతంతో నదినీరు తరచూ మారుతుంది, కండ తెల్లబడుతుంది. తోలు, ముల్లు తీసి గడ్డకట్టించిన ఆ ముక్కలే బాసా పేరుతో మన నగరాల హోటళ్లకూ దిగుమతి అవుతున్నాయి. నీరు నిలిచి పచ్చనాచు పట్టే మన చెరువుల్లో కండకు పసుపుఛాయ వస్తుంది గనుక, కొల్లేటి ఫంగస్ ముక్కగా కాక, ఐసులో పేర్చిన నిండు చేపగానే లారీలెక్కి ఇతర రాష్ట్రాల సంతలకు పోతుంది. అక్కడి పేద ఇళ్లకు చౌకగా మాంసకృత్తులు అందించడం ఏ ఎగుమతికీ తీసిపోని పని. తెల్లకండ కావాలంటే మాత్రం నీటిని తరచూ మార్చాలి. వేసవిలో కాలువలు కట్టేసే కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆ నీరు పంట చేలకే చాలదు.