చలికాలము, మోటారు బండి, బ్యాటరీ

చలికాలపు ఉదయమున మోటారు బండిని కదలించుట చిన్న సమస్యగా కనిపించును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల చరిత్ర ఎరిగినవారు మాత్రము దానిని చిన్నదిగా ఎంచరు. జగిత్యాలకు రైలు 2007 వరకు రాలేదు. కోరుట్ల మీదుగా నిజామాబాదు చేరు మార్గము 2017లో పూర్తియైనది. సిరిసిల్ల మీదుగా పోవలసిన మనోహరాబాద్–కొత్తపల్లి మార్గమున 2023లో సిద్దిపేట వరకు రైలు వచ్చినది. అంటే మూడు తరములకు పైగా ఈ ప్రాంతపు జీవనమంతయు రోడ్డు మీదనే సాగినది. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు నిజామాబాదు మార్కెట్టుకు చేరినను, సిరిసిల్ల మగ్గాల బట్ట ఊరు దాటినను, అర్ధరాత్రి రోగిని కరీంనగరం ఆసుపత్రికి తీసికొని పోయినను మోటారు బండియే ఆధారము. ఆ బండికి ప్రాణము పోయునది సీసపు పలకలతో నిండిన ఒక పెట్టె. దాని కథను కొంత చెప్పుకొందము.

ఇటలీ దేశీయుడైన వోల్టా 1800లో తొలి విద్యుద్ఘటమును లోకమునకు తెలిపినాడు. అది ఒకసారి ఖర్చయినచో తిరిగి నిండెడిది కాదు. 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లములో ఉంచి, మరల మరల నింపుకొనగల ఘటమును నిర్మించినాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు సీస భస్మపు ముద్దను పట్టించి దాని శక్తిని పెంచినాడు. నేడు మన కార్లలో ఉన్న బ్యాటరీ మూలసూత్రము ఇంచుమించు అదియే. శక్తినిచ్చునప్పుడు పలకలు సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచబడును. విద్యుత్తును తిరిగి ఎక్కించినచో మార్పు వెనుకకు మరలును.

అయినను తొలినాటి కార్లకు స్టార్టరు లేదు. ముందుభాగమున ఇనుప హ్యాండిలు దూర్చి బలముగా త్రిప్పవలసి ఉండెడిది. ఇంజను ఒక్కసారి వెనుకకు తన్నినచో చేయి విరిగెడిది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనా కాడిలాక్ కార్లలో వెలువడినది. అదే 1912లో హైదరాబాదు నిజాము కొరకు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారొకటి సింహాసనముతో సహా తయారైనది. సిల్వర్ ఘోస్ట్ కార్లకు విద్యుత్ స్టార్టరు వచ్చినది 1919లో. అందుచేత నిజాము రథమైనను తయారైన నాటికి హ్యాండిలు త్రిప్పు మనిషి కొరకు కనిపెట్టుకొని ఉండవలసినదే.

1932లో నిజాము ప్రభుత్వ రైల్వేకు అనుబంధముగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రేడియో శ్రోతలకు కూడ ఈ పెట్టెతో పాత చుట్టరికము కలదు. విద్యుత్తు లేని పల్లెలలో వాల్వు సెట్లు బ్యాటరీల మీదనే పలికెడివి. సీసపు బ్యాటరీ దిగిపోయినచో దానిని పట్టణమునకు మోసికొనిపోయి చార్జింగు పెట్టించి తేవలసి ఉండెడిది. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము పని ఆరంభించినది 1970లో.

ఇక చలి సంగతి. బ్యాటరీలోని రసాయనక్రియ చలిలో మందగించును. సున్నా డిగ్రీల వద్ద దాని శక్తిలో సుమారు ఐదవ వంతు తగ్గును. అదే వేళ ఇంజనులోని నూనె చిక్కబడి యంత్రము బిగుసుకొనును. కావలసిన బలము పెరిగిన సమయమున ఉన్న బలము తరుగును. అయితే జగిత్యాలలో చలి ముదిరిన రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల ప్రాంతమునకు దిగవచ్చును గాని సున్నాకు పోదు. ఆరోగ్యముగా ఉన్న బ్యాటరీ ఈ చలికి లొంగరాదు. మరి అనేకుల బండ్లు పుష్యమాసముననే ఎందుకు మొరాయించును?

మా ఉద్దేశమున దోషము వేసవిది, నింద చలిది. ఇక్కడ ఎండలు 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. వేడి పది డిగ్రీలు హెచ్చినకొద్ది బ్యాటరీ ఆయుర్దాయము సుమారు సగమగునని సాంకేతికులు లెక్క కట్టుదురు. వేడికి నీరు ఇగురును, లోపలి సీసపు చట్రము తినివేయబడును. వేసవిలో నూనె పలుచగా ఉండి ఇంజను సులువుగా తిరుగుట వలన ఆ జబ్బు బయటపడదు. చలి వచ్చిన తరువాత అది వెల్లడియగును. కనుక దీపావళి దాటిన వెంటనే బ్యాటరీని పరీక్షించుకొనుట మేలు. ధర్మపురికి ముక్కోటి దర్శనమునకు బయలుదేరిన తెల్లవారుజామున బండిని నూకుకొను అగత్యము అప్పుడు కలుగదు.

పరీక్ష కష్టమైనది కాదు. రాత్రియంతయు కదలకుండ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఉదయమున 12.6 వోల్టులు చూపినచో నిండుగా ఉన్నట్లు. 12.2 చూపినచో సగము. సెల్ఫ్ కొట్టునప్పుడు 9.6కు దిగువకు పడిపోయినచో దాని కాలము చెల్లినదని అనుమానింపవలెను. మూతలు తీయగల బ్యాటరీలో హైడ్రోమీటరుతో ఆమ్లమును చూచినచో 1.26 మొదలు 1.28 వరకు ఉండవలెను. నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను, ఆమ్లము పోయరాదు. కొత్తది కొనుటకు ముందు టెర్మినళ్ల మీది తెల్లని పొక్కును తినే సోడా కలిపిన నీటితో కడిగి, తీగలు బిగించి మరల చూడవలెను. పొక్కు పట్టిన టెర్మినలు మూలముగా మంచి బ్యాటరీని పారవేసినవారు కలరు.

మార్చక తప్పనిచో క్రమము ముఖ్యము. ముందుగా బండి శరీరమునకు కలిపిన తీగను విప్పవలెను, బిగించునప్పుడు దానిని చివరగా బిగింపవలెను. లేనిచో పానా బండి ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. నేటి కార్లలో ఆ తీగ ఋణధ్రువమునది. వెనుకటి బ్రిటిష్ కార్లలో అనేకముల యందు ధనధ్రువమే శరీరమునకు కలిపి ఉండెడిది. పాత బండ్లను ముద్దుగా ఉంచుకొన్నవారు ఈ భేదమును మరువరాదు. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను అంటుకొను స్వభావము గలది. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

చివరి మాట అన్నిటికంటె ముఖ్యమైనది. పాత బ్యాటరీలో కిలోల కొలది సీసము ఉండును. దానిని ఇంటి వెనుక పగులగొట్టి కరగించినచో ఆ పొగయు ధూళియు మట్టిలో కలియును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును, ఆ హానిని పూర్తిగా సరిదిద్దు మందు లేదు. ఇందుకొరకే కేంద్రప్రభుత్వము 2001లో బ్యాటరీల నిబంధనలను, 2022లో వాటి స్థానమున బ్యాటరీ వ్యర్థముల నిబంధనలను జారీ చేసినది. కొత్త బ్యాటరీ కొన్న దుకాణమునకే పాతదానిని ఇచ్చినచో ధరలో కొంత తగ్గును, సీసము అనుమతి గల కర్మాగారమునకు చేరి మరల కొత్త పలకగా మారును. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని పాత ఇనుము కొనువానికి అమ్మినచో ఆ సీసము ఏ వాడలో కరగునో, ఏ బిడ్డ ఊపిరిలో చేరునో మనకు తెలియదు. బండి కదలినదన్న సంతోషములో పాత పెట్టెను మరచిపోకుండ ఉండుట ప్రతి గృహస్థుని విధి.