దేశం బరువు మోసిన జాతికి బస్సులో చోటు

'తండా' అంటే ఇప్పుడు అందరికీ తెలిసిన అర్థం ఒకటే: ఊరికి దూరంగా, గుట్ట వారనో చెరువు అవతలో లంబాడీలు కట్టుకున్న ఇళ్లు. మా పూర్వీకులకు ఆ మాటకు అర్థం వేరు. ఉప్పు, ధాన్యం నింపిన గోనెలు వీపున మోస్తూ వరుసగా సాగే వందల ఎద్దులు, వాటి వెంట నడిచే కుటుంబాలు, అందరికంటే ముందు నాయక్. ఇదంతా కలిస్తే తండా. అది నిలిచిన ఊరు కాదు, నడిచే బిడారు. రైలు, లారీ లేని కాలంలో ఈ దేశానికి ఉన్న సరుకు రవాణా వ్యవస్థ అదే. మొగల్ సైన్యాలు దక్కనుకు దిగినా, 1799లో, 1803లో ఆర్థర్ వెల్లస్లీ దండు నడిపించినా, వాళ్ల గుర్రాలకూ మనుషులకూ తిండి మోసింది మా వాళ్ల ఎద్దులే. ఇంగ్లీషు వాళ్ల ఉత్తరాల్లో 'బ్రింజారీలు' అని కనిపించేది మేమే.

ఆగస్టు 31, విముక్త జాతుల దినం సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో బస్సుల గురించి, రైళ్ల గురించి ఎందుకు రాస్తున్నామని కొందరు మిత్రులు అడిగారు. కారణం ఇదే. దారులు తొక్కిన జాతిని దారి మీదే అవమానించడం మామూలుగా జరిగింది కాదు. దానికో చరిత్ర ఉంది, ఆ చరిత్రకు తేదీలున్నాయి.

మొదటి తేదీ 1871. ఆ ఏడాదే బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. మా ఆలంపూర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది, తర్వాత 1956 దాకా రాయచూరు జిల్లాలోనే ఉంది. అంటే ఆ కలయిక జరిగింది మా ముంగిట్లోనే. 1874కు వాడి నుంచి సికింద్రాబాద్‌కూ రైలు వచ్చింది. ఎద్దు నెల రోజులు మోసే సరుకును రైలు రెండు రోజుల్లో దించింది. నాయక్‌ల బేరాలు పోయాయి. ఉప్పు మీద సర్కారు పెట్టిన కట్టుబాట్లు తోడై, గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తిప్పి బతికే ఉప్పు ఎరుకల వాళ్ల నోట్లోనూ మట్టి పడింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఎరుకలపై రాసిన పుస్తకంలో ఈ సంగతిని వివరంగా చూపించారు.

అదే 1871 అక్టోబరులో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టింది. కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్థులని అది ఒప్పుకుని మొదలైంది. రైలు వచ్చిన ఏడాదే ఈ చట్టమూ రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ మా మటుకు ఆ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. బతుకుతెరువు పోయి తిరిగేవాణ్ని 'తిరుగుబోతు' అన్నారు, ఆ తిరగడమే నేరానికి గుర్తన్నారు. ఆ చట్టంలో పాసుల పద్ధతి ఉంది. నమోదైన మనిషి పాసు లేకుండా హద్దు దాటి కనిపిస్తే పోలీసే కాదు, ఊరి కావలివాడు సైతం వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదట ఉత్తరాది రాష్ట్రాలకే పరిమితమైన ఈ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. వేలిముద్రలు, హాజరీలు, బయటికెళ్తే ముందుగా చెప్పడం అలా వచ్చాయి. తుంగభద్ర అవతల కర్నూలు మద్రాసు సర్కారుది, ఇవతల ఆలంపూర్ నిజాముది. నది మాత్రం ఒకటే. ఎరుకల బుట్ట అమ్ముకోవడానికీ, సుగాలీ పశువుల బేరానికీ ఏటి అవతలి ఒడ్డు పొరుగూరు. చట్టం లెక్కలో అది హద్దు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన ఎరుకల సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. స్టువర్టుపురం రైలు స్టేషను ఇప్పటికీ ఉంది. అక్కడ రైలెక్కితే చేతిలోని టికెట్టు మీద ఊరి పేరు ఉంటుంది. ఆ పేరు చూసి పక్క సీటు వాళ్లు సంచి దగ్గరికి లాక్కోవడం ఏమిటో అక్కడి వాళ్లను అడిగితే చెప్తారు. సినిమా వాళ్లు ఆ పేరు పెట్టి 1991లో ఒకే ఏడాది రెండు సినిమాలు తీశారు. ఒక అధికారి పేరు ఒక జాతికి నిందగా మారడం విచిత్రమే.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ దేశమంతా తిరిగి ఇచ్చిన నివేదిక దీని వెనుక ఉంది. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేసింది. కాగితం మీద విముక్తులమయ్యాం. కానీ దాని స్థానంలో 'అలవాటు నేరస్థుల' చట్టాలు వచ్చి కూర్చున్నాయి, వాటితో పోలీసుల పాత అలవాటూ ఉండిపోయింది. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని మన దేశం 1968లో ఆమోదించింది. ఆ ఒప్పందం ఐదో అధికరణంలో రవాణా అన్న మాట స్పష్టంగా ఉంది: జనం వాడుకునే వాహనాల్లో జాతి పేరుతో తేడా ఉండకూడదు. ఆ ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2007లో మన దేశ ప్రభుత్వాన్ని అలవాటు నేరస్థుల చట్టం రద్దు చేయమనీ, విముక్త జాతులకు పునరావాసం కల్పించమనీ కోరింది. అంటే మా సంగతి కులం గొడవే కాదు, ప్రపంచం 'జాతి వివక్ష' అని పిలిచే కోవలోనే ఉందని అంతర్జాతీయ వేదిక మీద తేలింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్షపై ఇచ్చిన తీర్పులోనూ విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను కొట్టేసింది.

ఇప్పుడు బస్సు దగ్గరికి వద్దాం. నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. 1958 జనవరి 11న అది ఆర్టీసీ అయింది. రైలు ఎద్దులను తినేస్తే, మట్టి రోడ్డు మీద బస్సు కాలినడకను తినేసింది. పాలమూరు నుంచి కూలికి ఊళ్లు పట్టుకుపోయిన మా తల్లిదండ్రుల తరం బతుకంతా బస్సు మీదే గడిచింది. ముంబై వంతెనలకూ, హైదరాబాద్ మేడలకూ పాలమూరు లేబర్ చేరింది బస్సు పైకప్పు మీద మూటలు కట్టుకునే. హైదరాబాద్‌లో అన్నిటికంటే ఖరీదైన గుట్ట పేరు బంజారాహిల్స్. ఆ పేరు పెట్టుకుని మురిసే నగరంలోనే ఫేటియా, కాంచళి కట్టిన మా ఆడవాళ్ల పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడేవాళ్లు ఉన్నారు.

మా పెద్దలు చెప్పే అవమానాలు పెద్ద పెద్ద సంఘటనలు కావు. ఊరి స్టేజీలో ఆగే బస్సు తండా స్టేజీలో ఆగదు. ఆగినా 'మూటలతో వెనక్కి పోండి' అంటారు. 'లంబాడిదానా' అని పిలుస్తారు, అదే వయసు వేరే ఆమెను మాత్రం 'అమ్మా' అంటారు. ఎవరిదైనా పర్సు పోతే ముందు మా మూట విప్పిస్తారు. మా సంఘం సభ్యుల్లో ఒకరి చిన్నప్పుడు ఇలాగే ఆయన అమ్మను దింపేసి, బస్సు కదిలాక పర్సు సీటు కిందే దొరికిందట. బస్సు మళ్లీ ఆగలేదు. ఆమె మిగతా దారి నడిచింది. ఆయన ఇప్పుడు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఆ రోజు టికెట్టు ధర మాత్రం ఇప్పటికీ చెప్తారు.

ఈ విషయం వచ్చినప్పుడల్లా మన పిల్లలు 1893లో గాంధీని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో రైలు నుంచి దింపేయడం, 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ సీటు వదలకపోవడం చెప్తారు. మాంట్‌గోమరీ నల్లజాతి జనం 381 రోజులు బస్సు ఎక్కలేదు. చెప్పుకోవలసినవే. కానీ గోరెగావ్ బండి సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు తక్కువ కనిపిస్తుంది? చిన్నప్పటి అంబేద్కర్, అన్న, మేనల్లుళ్లు తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషనులో దిగారు. మహర్లని తెలియగానే బండివాడు మొఖం తిప్పుకున్నాడు. రెండింతలు డబ్బిచ్చి, బండి పిల్లలే తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా బేరం కుదిరింది. అంబేద్కర్ తన ఆత్మకథాత్మక రచనలో ఇది స్వయంగా చెప్పారు. 1893లోనే తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కొని, తన జాతికి నిషిద్ధమైన రహదారి మీద తోలుకెళ్లాడు. రోజా పార్క్స్ తేదీ మనకు నోటికొస్తుంది, అయ్యంకాళి ఏడాది రాదు. ఇది మాకు కొంచెం బాధ కలిగించే సంగతి.

చట్టం మాటకొస్తే ఇంకో సంగతి తెలుసుకోవాలి. రోజా పార్క్స్ సీటు మీద కూర్చోవడానికి ఆరు నెలల ముందే, 1955 జూన్ 1న, మన దేశంలో అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. ప్రజా వాహనంలో ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని దాని నాలుగో సెక్షన్ అంటుంది. దీని పేరు తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. అయితే అది అంటరానితనం చుట్టూ అల్లిన చట్టం. 'మీరు అంటరానివాళ్లు కారు కదా' అని మా వాళ్లను వెనక్కి పంపడానికి అదొక సాకు అయింది. అసలు తెలంగాణలో లంబాడీలు, ఎరుకలలు ఎస్టీ జాబితాలో చేరిందే 1976 సవరణ చట్టంతో.

1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మనకు నేరుగా వర్తిస్తుంది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణల తర్వాత మూడో సెక్షన్‌లోని మూడు ఖండాలు బస్సులో పనికొచ్చేవి. నలుగురు చూసే చోట కావాలని అవమానించడం, నలుగురు చూసే చోట కులం పేరుతో తిట్టడం, ప్రజా వాహనం వాడుకోకుండా అడ్డుకోవడం. ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి ఈ మూడింట్లో ఏది చేసినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష, జరిమానా. ఇంటి నాలుగు గోడల మధ్య మాటలైతే కోర్టులో చిక్కొచ్చే వీలుంది, బస్సు మాత్రం నలుగురు చూసే చోటు కాదని ఎవరూ వాదించలేరు. ముందస్తు విచారణ చేశాకే కేసు రాస్తామని స్టేషనులో అంటే, 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ అలాంటి విచారణ అక్కర్లేదంటుంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఫిర్యాదు రాయడంలో నిర్లక్ష్యం చూపిన అధికారి మీదా అదే చట్టంలో శిక్ష ఉంది.

తండా యువకులకు మేము చెప్పేది సాదాగా ఉంటుంది: గొడవ పడకముందు టికెట్టు భద్రపరచండి. దాని మీద తేదీ, సమయం, డిపో ఉంటాయి. బస్సు నంబరు ఫోన్లో ఫోటో తీయండి. అన్న మాట అన్నట్టే, ఆ భాషలోనే రాసి పెట్టుకోండి, ఎందుకంటే స్టేషనులో 'అవమానకరంగా మాట్లాడారు' అన్న మొండి వాక్యంతో కేసు బలపడదు. పక్క సీటు వాళ్లు సాక్ష్యం చెప్తారా అని అప్పుడే అడగండి, రెండు స్టేజీలు దాటితే వాళ్లు దొరకరు. 14566 నంబరు జాతీయ అత్యాచార నిరోధక హెల్ప్‌లైన్.

ఇంతా చెప్పాక ఒక లోటు దాచలేం. ఒకప్పుడు మాతోపాటే నేరస్థ జాతులుగా ముద్ర పడిన దొమ్మర వంటి వాళ్లు ఇక్కడ బీసీ-ఎ జాబితాలో ఉన్నారు. బస్సులో వాళ్ల మూట విప్పించినా ఈ చట్టం వాళ్లకు వర్తించదు. విముక్తి ఒకే రోజు వచ్చినా రక్షణ ఒకలా రాలేదు. విముక్త జాతుల కమిషన్ల నివేదికలు ఎన్నో వచ్చాయి, ఈ మెలిక మాత్రం ఊడలేదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో మా యాడీల సంఖ్య కంటికి కనిపించేలా పెరిగింది. 'జీరో టికెట్టు వాళ్లు' అన్న కొత్త విసురు కూడా పుట్టింది. అది అందరు ఆడవాళ్లకూ తగిలేదే, కానీ మాటలు విసిరేవాడు ముందు ఎవరి వంక చూస్తాడో మాకు తెలుసు. ఆ ఉచిత టికెట్టు కూడా టికెట్టే, పై పద్ధతిలో అదీ రుజువు.

ఈ సంచికకు తండాల్లో తిరిగి పెద్దవాళ్లను అడిగాం. ఫేటియా, కాంచళి, గాజులు ఎప్పుడు మానేశారని అడిగితే చాలామంది పెళ్లి పేరో, సంత పేరో, బట్టల ఖరీదు పేరో చెప్తారనుకున్నాం. కొందరు మాత్రం బస్సు పేరు చెప్పారు. చీర కట్టుకుంటే కండక్టర్ బస్సు ఆపుతాడని, చీర కట్టిన మొదటి రోజున బస్సు నిజంగానే ఆగిందని.