రెండు తాళాల పెట్టెలో వంశవృక్షం

ఇంగ్లండులో తాతముత్తాతల జాడ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లేవాళ్లకు చాలా ఊళ్లలో 1558 దగ్గర దారి మూసుకుపోతుంది. మూసింది యుద్ధం కాదు, అగ్నిప్రమాదం కాదు. ఒక ఉత్తర్వులో దొరికిన వెసులుబాటు.

ఎనిమిదో హెన్రీ కొలువులో చక్రం తిప్పిన థామస్ క్రాంవెల్ 1538 సెప్టెంబరులో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ప్రతి పారిష్‌లో పాదిరి ఒక పుస్తకం పెట్టి, ఆ వారంలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఆదివారం నాడు రాయాలి. పుస్తకం రెండు తాళాల పెట్టెలో ఉండాలి. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర. రాయకపోతే జరిమానా. ఇదంతా కొత్త పన్నుకు ఎత్తుగడ అని జనం గుసగుసలాడారు. వాళ్ల భయం రెండున్నర శతాబ్దాలకు గానీ నిజం కాలేదు: 1783లో నమోదుకు మూడు పెన్నీల సుంకం వేసి, 1794లో ఎత్తేశారు. నిరుపేదలకు మినహాయింపు ఉండేది కాబట్టి, ఆ కాలపు పుటల్లో ఎవరినైనా పేదవాడని రాసి ఉంటే నమ్మే ముందు కాస్త ఆలోచించాలి.

కాగితం పుస్తకాలు చివికిపోతున్నాయని 1598లో అన్నిటినీ తోలు పుటల మీదికి ఎక్కించమన్నారు. మొదటి నుంచీ రాయండి, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన ఏడాది నుంచి, అన్నారు. ఆమె గద్దెనెక్కింది 1558లో. ఇంకేం, పని తగ్గుతుందని చాలామంది అంతకు ముందటి ఇరవై ఏళ్లూ వదిలేశారు. ఏటా ఒక నకలు బిషప్పుకు పంపే పద్ధతి కూడా అప్పుడే స్థిరపడింది. అసలు పోయినచోట ఇప్పుడు ఆ నకలే దిక్కు.

షేక్‌స్పియర్ అంతటివాడికీ ఈ చిక్కులు తప్పలేదు. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరులో 1564 ఏప్రిల్ 26న ఉన్న ఆయన బాప్తిస్మం ఆనాటి చేతిరాత కాదు, తర్వాత ఎత్తిరాసిన ప్రతి. ఆయన కవలల బాప్తిస్మం ఫిబ్రవరి 2, 1584 అని ఉంటుంది. మన లెక్కలో అది 1585. అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఈ సంగతి తెలియక తల్లి పెళ్లికి ముందే బిడ్డను పుట్టించినవాళ్లున్నారు. పెళ్లి సంగతి మరీ విడ్డూరం. 1582 నవంబరు 27న వూస్టర్ బిషప్పు రిజిస్టరులో వధువు టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వాట్లీ. మర్నాటి హామీ పత్రంలో స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథవే. దీన్ని పట్టుకుని కొందరు రెండో ప్రియురాలి కథ అల్లారు. గుమాస్తా పొరపాటన్నదే ఎక్కువమంది పండితుల మాట, నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక అంతర్యుద్ధం నాటి 1640, 50ల్లో ఖాళీ పుటలు కొల్లలు. 1922లో డబ్లిన్ రికార్డు కార్యాలయం తగలబడినప్పుడు చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా బూడిదయ్యాయి. తమ దగ్గరే ఉంచుకున్న పారిష్‌లవి దక్కాయి. మన మచిలీపట్నం, విశాఖ ప్రాంతాల్లో ఉన్న ఆంగ్లేయుల నమోదులకు నకళ్లు మద్రాసు మీదుగా లండను చేరేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

పుట దొరికినా చిక్కు తీరదు. ‘విలియం కొడుకు జాన్’ అని రాసి వదిలేస్తారు, తల్లి పేరు చాలాచోట్ల ఉండదు. పెళ్లి నమోదులో తండ్రుల పేర్లు తప్పనిసరైంది 1837లోనే. పైగా మనలాగే వాళ్లూ తాత పేరు మనవడికి పెట్టుకునేవాళ్లు. అన్నదమ్ములు నలుగురూ కొడుక్కి తండ్రి పేరే పెడితే, ఒకే ఊళ్లో ఒకే ఈడు జాన్‌లు నలుగురు తేలతారు. వీళ్లలో మన జాన్ ఎవరో తేల్చాలంటే వీలునామాలు, భూమి పత్రాలు, పేదల సాయం లెక్కలు తిరగేయాలి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఖననాల పుట. బాప్తిస్మం దొరికిందని సంబరపడి చెట్టుకు కొమ్మ అతికించేవాళ్లు దాన్ని తెరవరు. ఆ జాన్ మూడో ఏటే పోయాడని అందులో ఉంటే, అతను ఎవరికీ తాత కాడు.