డెల్టా గ్యాసు: అంచనాల చరిత్ర

కొండపల్లి అనగానే అందరికీ కోట, తెల్లపొణికి కర్ర బొమ్మలు గుర్తుకొస్తాయి. వాటిని గురించి పెద్దలు ఇదివరకే రాశారు. ఈ ప్రత్యేక సంచికకు నేను మా ఊరి గ్యాసు చరిత్ర రాస్తున్నాను.

మా కొండల కింద గ్యాసు లేదు. ఇవి అతి పురాతనమైన గట్టి రాళ్ళు. వీటిలో క్రోమైట్ ఖనిజం దొరికింది గాని గ్యాసు నిలిచే వీలు లేదు. గ్యాసు ఉన్నది తూర్పున, నదులు కోట్ల సంవత్సరాలుగా తెచ్చిపోసిన ఇసుక, బంకమట్టి పొరల్లో. ఓ.ఎన్.జి.సి. వారు 1970ల చివర నరసాపురం వద్ద, 1980ల తొలినాళ్ళలో రాజోలు వద్ద బావులు తవ్వి చూశారు. తరువాత మన కైకలూరు ప్రాంతంలోనూ గ్యాసు పడింది.

తవ్వకముందు గ్యాసు ఉందో లేదో ఎలా తేలుస్తారు? నాలుగు చూడాలి. గ్యాసును పుట్టించే మూలశిల ఉండాలి. దాన్ని ఇముడ్చుకునే ఇసుకరాయి ఉండాలి. పైన తప్పించుకుపోకుండా మూతలాంటి రాయి ఉండాలి. ఇవన్నీ బోర్లించిన గిన్నెలా ఒకచోట అమరాలి. భూమిలోకి ప్రకంపనలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనుల పటాన్ని బట్టి ఈ అమరికను ఊహిస్తారు. ఒక్కొక్కదానికి రూపాయికి ఎనిమిదణాల అవకాశం ఉందనుకోండి. నాలుగూ ఒకేచోట కుదిరే అవకాశం రూపాయికి ఒక్క అణాయే! తవ్వితే ప్రమాదమూ ఉంది. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండింది.

గ్యాసు పడినా లెక్క తేలదు. మనం ఆఫీసులో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవం అని మూడు గళ్ళు గీసేవాళ్ళం. గ్యాసుకూ అంతే. భూమిలో ఉన్నదెంత, అందులో పైకి తీయగలిగేదెంత, చివరికి గొట్టంలోకి వచ్చేదెంత అన్నవి వేరువేరు. పత్రికలు మాత్రం మొదటి గడినే పెద్దక్షరాల్లో వేస్తాయి.

2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ మన తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉందని ప్రకటించింది. అభివృద్ధి ప్రణాళికకు వచ్చేసరికి ఆ అంకె సుమారు 2 లక్షల కోట్లకు దిగింది. 2017లో అందులో 80 శాతం వాటాను ఓ.ఎన్.జి.సి. కొన్నది. రిలయన్స్ వారి డి-6 క్షేత్రంలో 2002లో గ్యాసు కనిపించింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు లక్ష్యం కాగా, 2010లో సుమారు 6 కోట్లు వచ్చి, ఆపై పడిపోయింది. నీరు, ఇసుక బావుల్లోకి చేరాయి. తొలి రెండు క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే డిసెంబరులో పక్క క్షేత్రం నుంచి మళ్ళీ గ్యాసు మొదలైంది.

దీనితో మా ఊరికేమిటి అంటారా? కొండపల్లిలో 2000 సంవత్సరంలో 368 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం వచ్చింది. డి-6 ఆశ మీద మరో 366 మెగావాట్లు, ఆపైన 742 మెగావాట్లు కట్టారు. మూడోది కట్టడం పూర్తయ్యేసరికి గ్యాసే లేదు. అప్పు మాత్రం నిలిచిపోయింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ గొట్టంలోని గ్యాసు మా కొండపల్లి కేంద్రానికి వచ్చేదే. మా దీపం వెలగడానికి ఆ ఊరు ఇచ్చిన మూల్యం నేను మరచిపోలేను.

మిత్రులారా! ఫలానా చోట గ్యాసు పడిందని వార్త చూసి, పింఛను డబ్బుతో షేర్లో స్థలాలో కొందామని పిల్లలు అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. ఎన్ని బావులు తవ్వారు? ఎన్ని రోజులు పరీక్షించారు? ఆ అంకె ఏ గడిలోది? జవాబు వచ్చేదాకా పాసుబుక్కు బీరువాలోనే ఉంచండి.