కోడిపిల్లల్లో రక్తపారుడు వ్యాధి (కాక్సిడియోసిస్): నివారణలో కొత్త పద్ధతులు

3 నుంచి 6 వారాల కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్‌నే. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి పేగు గోడలను దెబ్బతీయడం వల్ల ఈ వ్యాధి వస్తుంది. పిల్లలు రెక్కలు వాల్చి ముడుచుకుంటాయి, మేత తినవు, తురాయి పాలిపోతుంది. బతికిన పిల్లలు కూడా సరిగా ఎదగవు.

ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుంది?

రెట్టతో పాటు బయటకు వచ్చే పరాన్నజీవి గుడ్లు (ఊసిస్టులు) తడి, వెచ్చదనం, గాలి ఉంటే 1–2 రోజుల్లోనే వ్యాధి కలిగించే స్థితికి చేరతాయి. మామూలు క్రిమిసంహారక మందులకు ఇవి లొంగవు. ఎప్పుడూ ఒకే మందు వాడితే పరాన్నజీవి దాన్ని తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. అందుకే మందుతో పాటు పిల్లల్లో రోగనిరోధక శక్తి పెంచడం, లిట్టరు యాజమాన్యం ముఖ్యం.

నివారణ పద్ధతులు

• టీకా: మొదటి రోజుల్లోనే ఇస్తారు. ఇది సజీవ టీకా. పిల్లలు లిట్టరులోంచి కొద్దికొద్దిగా ఊసిస్టులను తింటూ 3–4 వారాల్లో నిరోధక శక్తి పొందుతాయి. టీకా వేసిన పిల్లలకు కాక్సిడియోసిస్ మందు కలిపిన మేత పెట్టకూడదు, టీకా పనిచేయదు. ఎక్కువ కాలం లిట్టరుపై పెంచే కోళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

• మందుల మార్పిడి: మేతలో కలిపే మందును పశువైద్యుని సలహాతో కొన్ని బ్యాచ్‌లకు ఒకసారి మార్చాలి.

• పొడి లిట్టరు: గుప్పెడు లిట్టరును పిడికిట్లో నొక్కి వదలండి. ముద్దగానే ఉంటే తడి ఎక్కువైనట్లు. వెంటనే తిరగేసి, గాలి ఆడేలా చేయాలి. నీటి తొట్లను పిల్లల వీపు ఎత్తులో ఉంచి, కింద తడిసిన పొట్టును రోజూ తీసేయాలి.

• మూలికా మందులు: ఇవి సహాయకాలు మాత్రమే. రక్తపు రెట్టలు మొదలయ్యాక వీటిపైనే ఆధారపడకండి.

వ్యాధి కనిపిస్తే

1. చనిపోయిన పిల్లను, తాజా రెట్టను పశువైద్యునికి చూపించి వ్యాధిని నిర్ధారించుకోండి.
2. ఆంప్రోలియం లేదా టోల్ట్రాజురిల్‌ను ఆయన చెప్పిన మోతాదులో తాగే నీటిలో కలపండి. మధ్యలో ఆపకండి.
3. ఆంప్రోలియం ఇచ్చే రోజుల్లో బి1 విటమిన్ ఉన్న టానిక్ ఇవ్వకండి. అది మందు పనితనాన్ని తగ్గిస్తుంది.
4. మేతలో మోనెన్సిన్ లేదా సాలినోమైసిన్ ఉంటే టియాములిన్ వాడకండి. ఈ కలయిక కోళ్లను చంపగలదు. మేత సంచిపై ఉన్న చీటీ చదవండి.
5. మందు ఆపాక చీటీపై రాసిన గడువు పూర్తయ్యే వరకు కోళ్లను, గుడ్లను అమ్మకండి.

ఒక బ్యాచ్ అమ్మాక పాత లిట్టరును పూర్తిగా తీసి, షెడ్డు కడిగి ఆరబెట్టాకే కొత్త పిల్లలను దించండి. పెద్ద కోళ్లు పైకి ఆరోగ్యంగా కనిపించినా వాటి రెట్టలో పరాన్నజీవి ఉండవచ్చు కనుక పిల్లలను వాటితో కలిపి పెంచకండి.